దోసెడు అలసట

చలపతి గారు టీవీలో తన విజయ రహస్యం చెబుతున్న సమయానికి, ఆయన అలసట మా దీనమ్మక్క ఒంట్లో ఉంది.

ఆ సంగతి ఆయనకు తెలియదు, దీనమ్మక్కకూ తెలియదు. ఆయన ఓడరేవుల యజమాని, కోల్డ్ స్టోరేజీల యజమాని, ఇంకా వేటివేటికి యజమానో ఆయన్నే అడగాలి. తెల్లచొక్కా వేసుకుని, ఇప్పుడే తలంటుకుని వచ్చినట్టు నిగనిగలాడుతూ, "కష్టపడాలండీ. కష్టపడేవాడికి ఈ దేశంలో ఏదీ అడ్డు కాదు. నేను రాత్రనకా పగలనకా పనిచేస్తాను. నాకు అలుపంటే తెలియదు" అన్నారు. ఆ చివరి మాట మాత్రం నూటికి నూరు పాళ్ళూ నిజం. ఆయన అలుపు గుంటూరులో ఒక చల్లటి హాల్లో, తలుపు పక్క కుర్చీలో వాలిపోయి ఉన్న ఒక బక్కపలచటి మనిషికి తెలుసు.

కోపంగా మొదలుపెట్టాను, ఏం చేయను, నా నోరే అంత. కానీ నేను చెప్పదలచుకున్నది ఆయన గురించి కాదు. మా చిన్నమ్మ సువార్తమ్మ గురించి, ఆమె ముఠా గురించి, కామాక్షి గారి గురించి. దూరం నుంచి గొప్పగా కనిపించేవాళ్ళని చాలామందిని చూశాను. దగ్గరికి వెళ్ళినా గొప్పగానే ఉన్నవాళ్ళు నాకు వీళ్ళే దొరికారు.

నా పేరు కెజియా. డాక్టర్ పరాంకుశం గారి ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. ప్రయోగశాల అంటే గొప్పగా ఊహించుకోవద్దు. బ్రాడీపేటలో ఆయన ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక పాత బల్ల, చుట్టలు చుట్టలుగా తీగలు. ఆయన నరాల డాక్టరు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఉన్నదంతా పెట్టి ఒకే ఒక్క పని చేస్తూ కూర్చున్నారు. దానికి కారణం ఆయన భార్య కామాక్షి గారు.

కామాక్షి గారు ఒకప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె ఈల వేస్తే మైదానం చివర ఉన్న పిల్లలు కూడా వరసలోకి వచ్చేవారట. అలాంటి మనిషికి అలసట జబ్బు పట్టుకుంది. పేరున్న జబ్బే, మందు లేని జబ్బు. తల దువ్వుకుంటే చాలు, రోజంతా రాళ్ళు మోసినట్టు పడిపోయేవారు. నేను పనిలో చేరేటప్పటికి ఆమె మంచం దిగడం మానేసి చాలా కాలమైంది.

డాక్టరు గారి ఆలోచన ఇది. అలసట కండరాల్లో ఉండేది కొంతే. మిగిలినదంతా నరాల్లో నడిచే కబురు, 'ఇక చాలు, ఆగు' అని ఒళ్ళు మెదడుకు చెప్పే కబురు. కబురైతే దాన్ని తీగ మీద పంపవచ్చు కదా అన్నారాయన. మెడ వెనక కట్టుకునే రెండు పట్టీలు తయారుచేశాం. ఒకటి ఆమె మెడకు, ఒకటి ఆయన మెడకు కట్టి, మధ్యలో ఉన్న పెట్టె మీద నేను స్విచ్చు నొక్కాను.

కాసేపు ఏమీ కాలేదు. "కరెంటు బిల్లు దండగ, కెజియా" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాకముందే ఆయన భుజాలు జారాయి, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మంచం మీద కామాక్షి గారు నెమ్మదిగా లేచి కూర్చున్నారు. తన చేతులు తనే తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఏమండీ, నాకు ఆకలేస్తోంది" అన్నారు. అని, లేచి వంటింట్లోకి నడిచి, స్టవ్ వెలిగించి ఉప్మా కలపడం మొదలుపెట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను. ఇంత పెద్దదాన్ని, సిగ్గు లేకుండా.

తిరిగి గదిలోకి వస్తే డాక్టరు గారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. భార్యని పిలిచి, "రోజూ ఇంత మోస్తున్నావా నువ్వు?" అని అడిగారు. "మనసులో ఎక్కడో, నువ్వు కాస్త గట్టిగా ప్రయత్నిస్తే లేవగలవేమో అనుకునేవాణ్ణి. నన్ను క్షమించు." ఆమె ఆయన చేతిలో ఉప్మా గిన్నె పెట్టి పక్కన కూర్చున్నారు.

రెండు కుండలకి మధ్య గొట్టం పెడితే నీళ్ళు రెండింట్లో సమానమైనట్టు, అలసట ఇద్దరికీ సమానమైంది. ఆమె మంచం దిగారు. ఆయన చురుకుదనం కాస్త తగ్గింది. మేం గమనించిన ఇంకో సంగతి, అలసట మాయమైపోదు. ఎవరో ఒకరు కడుపునిండా తిని, ఒళ్ళెరగకుండా నిద్రపోయి, దాన్ని అరిగించుకోవాల్సిందే.

ప్రతి ఆసుపత్రిలోనూ ఈ పట్టీలు ఉండాలని డాక్టరు గారి కోరిక. బిడ్డ అలసట తల్లి, తల్లి అలసట బిడ్డ పంచుకోవాలని. ఆసుపత్రులేవీ ముందుకు రాలేదు. ముందుకు వచ్చింది 'హాయి' అనే కంపెనీ. దాంట్లో పెద్ద వాటాదారు చలపతి గారు. వాళ్ళ ఇంజనీర్లు మా యంత్రంలో చేసిన మార్పులు రెండు. ఎంత దూరమైనా ఫోను లైను మీద పంపేలా చేశారు. రెండోది, గోరంత బిళ్ళ ఒకటి మధ్యలో పెట్టారు. సైకిలు ట్యూబులో వాల్వు ఉంటుంది చూడండి, గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. ఇదీ అంతే. అలసట ఒకవైపే పోతుంది. పంపేవాడు పూర్తిగా తేలిక, పుచ్చుకునేవాడి మీద మొత్తం బరువు.

"సమానమవడమే కదయ్యా దీని అసలు గుణం" అన్నారు డాక్టరు గారు.

"డబ్బు కట్టేవాడు సగం అలసట ఎందుకు ఉంచుకుంటాడు సార్?" అన్నాడు ఆ కంపెనీ మేనేజరు. చాలా మర్యాదగానే అన్నాడు. డాక్టరు గారు అప్పటికే సంతకం పెట్టేసి ఉన్నారు.

ఇక పుచ్చుకునేవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళకి మా ఊళ్ళో కొదవా.

మా చిన్నమ్మది మిరపకాయల తొడిమలు తీసే ముఠా. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఎర్రటి కుప్ప చుట్టూ ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పొద్దు వాలేదాకా తొడిమలు గిల్లుతుంటారు. కొత్తవాళ్ళు ఆ ఘాటుకి గుమ్మం దగ్గరే తుమ్మి తుమ్మి వెనక్కి పోతారు. మా చిన్నమ్మ ఆ ఘాటులోనే నవ్వుతుంది, తిడుతుంది, పాటలు పాడుతుంది. ముఠాకి మేస్త్రి ఆమె. మేస్త్రి అంటే పెత్తనం చేసేది అనుకునేరు. షావుకారుతో గొడవపడేది ఆమె, పోట్లాడుకున్నవాళ్ళని కలిపేది ఆమె, ఎవరింట్లో పిల్లకి జ్వరమొచ్చినా ముందు పరిగెత్తేది ఆమె. వచ్చిన కూలి అందరికీ సమానంగా పంచేది కూడా ఆమే. అందులో తన వాటా అందరితో సమానమే, ఒక్క రూపాయి ఎక్కువ కాదు.

తొడిమలు తీసే యంత్రం వచ్చింది. షెడ్డులో ముఠా పని అయిపోయింది. ఆ యంత్రం కొన్నది కూడా చలపతి గారి కోల్డ్ స్టోరేజీ వాళ్ళే. ముందు పని తీసేసి, తరవాత 'హాయి' వాళ్ళు గుంటూరులో తెరిచిన సెంటర్లో కుర్చీ చూపించారన్నమాట.

"కూర్చుంటే కూలి ఇస్తారంటగదే కెజియా?" అని చిన్నమ్మ మా ఇంటికి వచ్చి అడిగింది.

"కూర్చున్నందుకు కాదు చిన్నమ్మా, అలిసిపోయినందుకు."

"అలిసిపోటం మనకేం కొత్తంటే? పుట్టిందగ్గర్నించీ అదేగా చేస్తంది. పన్లేకండా అలిసిపోటం అంటే సగం తప్పినట్టేగా."

"ఒద్దు చిన్నమ్మా. అది వేరే. వాళ్ళ అలుపు మొత్తం మీ మీద పడేస్తారు."

"మరింకేం చెయ్యమంటావు? చెప్పు, నువ్వు చెప్పిందే చేస్తా."

 ముఠా మొత్తం వెళ్ళి ఆ సెంటర్లో చేరింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నమ్మ అన్నం గిన్నె దించలేక పొయ్యి దగ్గర చతికిలబడి ఉంది. టిక్కీలని, అంటే మిరపకాయల బస్తాలని, ఒంటి చేత్తో ఈడ్చే మనిషి ఆమె. గిన్నె నేను దించాను. గోడకి ఆనుకుని నా వంక చూసి నవ్వింది గాని, ఆ నవ్వులో జీవం లేదు.

"ఇదేం అలుపో నాకు అర్థం కాటంలేదే. మిరగ్గాయల కాడ అలిసిపోతే ఎదురుగా కుప్ప ఉండేది. ఇదిగో, ఇంత చేశాం, అందుకే ఒళ్ళు నొప్పులు అనుకునేవోళ్ళం. ఇప్పుడేముంది చూసుకోటానికి? పొద్దున్నించీ కుర్చీలో కూకున్నా. ఇంటికొచ్చి పిల్లల్ని కసురుతున్నా. నేనేదో తప్పు చేసినట్టు నాకే సిగ్గేస్తంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ కుప్ప హైదరాబాదులో ఎవరిదో అయ్యింది చిన్నమ్మా. చేసిన పని వాళ్ళది, డబ్బు వాళ్ళది, కష్టపడ్డారన్న పేరు కూడా వాళ్ళదే. ఇదేం న్యాయం?"

"న్యాయమని ఎవురన్నారు?" అంది చిన్నమ్మ, కళ్ళు మూసుకునే. "ముందు ఆ పిల్లలకి అన్నం పెట్టు."

అదే రోజుల్లో కామాక్షి గారు మళ్ళీ మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టారు. యంత్రం కనిపెట్టినాయన భార్య కాబట్టి కంపెనీ ఆమెకు మర్యాదగా ఒక లైను ఇచ్చింది. కొత్త పట్టీ కట్టుకుంటే ఆమె జబ్బు అలసట మొత్తం సెంటరుకు పోయేది. వయసు పైబడి, గుండె నీరసించిన డాక్టరు గారు ఇక దాన్ని మోయనవసరం లేదు. పొద్దున్నే మెళ్ళో ఈల వేసుకుని ఆమె బయల్దేరుతుంటే పేటంతా చూసి మురిసిపోయేది. ఆమె అలసట ఎక్కడికి పోతుందో ఆమె అడగలేదు. యంత్రం ఎక్కడో ఏదో చేస్తోందనుకున్నారు. డాక్టరు గారు చెప్పలేదు. ఎంతకాలానికో కళ్ళెదుట నడుస్తున్న భార్యని చూస్తూ ఆయనకు నోరు పెగల్లేదు.

సెంటరు కొత్త హాల్లోకి మారింది. ఇక్కడే మా వాళ్ళు, మా వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటొకటి చేశారు.

షెడ్డులో ముఠాకి ఒక పద్ధతి ఉంది. తలుపు దగ్గర చోటు అందరికన్నా బలహీనంగా ఉన్న మనిషిది. అక్కడ గాలి ఆడుతుంది, ఘాటు తక్కువ. నిండు చూలాలు ఉంటే ఆమె, దగ్గుతో బాధపడుతుంటే ఆమె. ఎవరూ చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లోపలికి జరిగి కూర్చుంటారు. మా ముఠాలో ఆ చోటు దీనమ్మక్కది. ఆయాసం మనిషి, పిడికెడు ఒళ్ళు. కానీ ముఠాలో అందరికన్నా ముందు నవ్వేది ఆమే. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే వాళ్ళని వెక్కిరించి మరీ నవ్వించేది.

కొత్త హాలుకి ఏసీ ఉంది. అక్కడ ఘాటూ లేదు, గాలికీ కరువు లేదు. అయినా లోపలికి వెళ్ళగానే చిన్నమ్మ, "దీనా, నువ్విక్కడ కూకో" అని తలుపు పక్క కుర్చీ చూపించింది. మిగతావాళ్ళు అలవాటుగా లోపలికి జరిగారు. మేనేజరు లెక్క వేరు. ఆ కుర్చీ మొదటి కుర్చీ. మేస్త్రి గట్టి మనిషి కాబట్టి అక్కడ కూర్చుంటుందని, అన్నింటికన్నా పెద్ద లైను దానికి కలిపాడు. అతను చూసేది కుర్చీ అంకెని, మనిషి మొహాన్ని కాదు. చలపతి గారు అప్పుడు ఏదో పెద్ద కంపెనీ కొనే బేరంలో నిద్ర మానేసి తిరుగుతున్నారు. ఆ అలుపంతా కట్టగట్టి ఒక్కసారిగా దీనమ్మక్క మీదికి వదిలారు.

నాకు చిన్నమ్మ ఫోను చేసింది. "దీనమ్మ లేవటంలేదే" అంది. 

నేను వెళ్ళేసరికి మేనేజరు, "నిద్రే మేడమ్, రేపటికి సర్దుకుంటుంది" అంటున్నాడు. చిన్నమ్మ అతని వంక చూడనైనా చూడలేదు. దీనమ్మక్కని భుజాన వేసుకుని బయటికి నడిచింది. తనకే అడుగు తీసి అడుగు వేసే ఓపిక లేదు, మెట్ల దగ్గర రెండుసార్లు ఆగింది. ముఠా అంతా ఆటోల్లో ఎక్కి బ్రాడీపేట మేడ మీదికి వచ్చారు.

డాక్టరు గారు నాడి చూశారు, ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. "ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఇంతకన్నా చేసేది లేదు" అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. "గుండె కూడా కండరమే కెజియా. దానికీ అలుపొస్తుంది. ఈమె నిద్రపోయి దీన్ని అరిగించుకునే స్థితి దాటిపోయింది. బరువు దిగకపోతే గుండె ఆగిపోతుంది."

"ఎక్కడికి దించాలయ్యా?" అంది చిన్నమ్మ.

"ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి."

డాక్టరు గారు చలపతి గారికి ఫోను చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు. అవతలి గొంతు అప్పుడే నిద్ర లేచినంత తాజాగా ఉంది. డాక్టరు గారు సంగతంతా చెప్పి, "కొంత మీరు తిరిగి తీసుకోండి. ఒక పూట పడుకుంటే మీకు తగ్గిపోతుంది" అన్నారు.

"అయ్యయ్యో. ఇప్పుడెలా కుదురుతుంది డాక్టరు గారూ, సంతకాలున్నాయి. ఆమెకు మంచి వైద్యం చేయించండి. ఎంతైనా ఖర్చు నాది."

చిన్నమ్మ ముందుకు వంగింది. "అయ్యా, దణ్ణం. ఖర్చు సంగతి కాదయ్యా. మీదాంట్లో కాసింత మీకే ఇస్తామంటన్నాం, అంతే."

"చూడమ్మా, నేను ఊరికే తీసుకోలేదు. మీరు ఒప్పుకునే వచ్చారు. నేను ఇలా కష్టపడితేనే కదా పదిమందికి పని దొరికేది."

"కష్టం మీరు పడలేదయ్యా" అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు. "పని చేశారు, కాదన్ను. కష్టం మాత్రం ఇదిగో, ఇక్కడ పడుకోనుంది."

 అవతల ఫోను పెట్టేశారు.

నాలో రక్తం ఉడికిపోయింది. ఆయన పట్టీ ఇంకా లైన్లోనే ఉంది. మా వైపు వాల్వు లేని పాత పెట్టె ఉంది. కలిపేస్తే ఆయనకు తెలిసేలోగానే సగం దిగిపోతుంది. ఆ మాటే అన్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు. మనిషికి చెప్పకండా ఒంట్లోకి అలుపు తోసేది ఆళ్ళు. దీనమ్మకి అట్టాగే తోశారు. మనం చెయ్యగూడదు."

"మరి అక్క చచ్చిపోతే?"

"చావనిస్తామా ఏందే దాన్ని?" అని ముఠా వంక తిరిగింది. "ఏమ్మా, దోసిలెయ్యండి."

నాకు తెలుసు ఆ మాట. డాక్టరు గారికి తెలియదు. షెడ్డులో ఎవరైనా ఒంట్లో బాగోక పని సాగించలేకపోతే, సాయంత్రం తూకానికి ముందు మిగతావాళ్ళు తలా ఒక దోసెడు తమ కుప్పలోంచి తీసి ఆమె బుట్టలో పోస్తారు. తూకం దగ్గర ఆమె బుట్ట కూడా అందరి బుట్టల్లాగే నిండుగా ఉంటుంది. ఎవరి దోసెడు ఎంతని ఎవరూ చూడరు. ఇప్పుడు పొయ్యడం కాదు, తీసుకోవడం. తలా ఒక దోసెడు.

డాక్టరు గారు కంగారుపడ్డారు. "ఇద్దరికి మించి ఎప్పుడూ కలపలేదమ్మా. ఏమవుతుందో నాకు తెలియదు. మీరంతా ఇప్పటికే ఎవరెవరి అలుపో మోస్తున్నారు. ఆమెను లేపబోయి మీరు పడిపోవచ్చు."

"పడితే అందరం కాస్త కాస్త పడతాం. అదొక్కతే మొత్తంగా పడిపోటం కన్నా మేలేగా."

గదిలో ఒక్కరు కూడా గుమ్మం వైపు చూడలేదు. నేను ఆ మొహాలని ఈనాటికీ తలుచుకుంటాను. అందరి కళ్ళ కిందా గుంటలు, అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని మెడ వంచి, కట్టమన్నట్టు చూస్తున్నారు. ఇలాంటి ధైర్యానికి పతకాలివ్వరు, ఎందుకో.

డాక్టరు గారు తీగలు అందిస్తుంటే, ఆసుపత్రుల కోసమని అప్పట్లో చేసి పెట్టుకున్న పట్టీలన్నిటినీ నేను పాత పెట్టెకి కలిపాను. ఒకటి నేను కూడా కట్టుకున్నాను. స్విచ్చు నొక్కాను.

అది వచ్చింది. కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట, దవడలు బిగుసుకుపోవడం, వేళ్ళ చివరిదాకా సీసం పోసినట్టు బరువు. ఏడవడానికి కూడా ఓపిక ఉండదే, అలాంటి నీరసం. నా పక్కన ఎవరో మూలిగారు. చిన్నమ్మ తల గోడకి ఆనింది. పెట్టె మీద దీనమ్మక్క అలసట చూపించే ముల్లు కొంచెం దిగింది. ఇంకొంచెం దిగింది. ఆగిపోయింది.

చాలదు. మేమంతా అప్పటికే నిండి ఉన్న కుండలం. మాలోకి ఎంతని పడుతుంది. దీనమ్మక్క పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి.

డాక్టరు గారు ఒక పట్టీ తీసుకున్నారు. ఆయన గుండె సంగతి నాకు తెలుసు.  ఆయన చేతిలో పట్టీని వెనక నుంచి ఎవరో లాక్కున్నారు.

కామాక్షి గారు. మైదానం నుంచి అప్పుడే వచ్చారు, మెళ్ళో ఈల ఇంకా ఉంది. గది చూశారు, తీగలు చూశారు, నేల మీద కూర్చున్న ఆడవాళ్ళని చూశారు.

"వీళ్ళంతా ఎవరు?"

డాక్టరు గారు చెప్పారు. దాచకుండా మొత్తం చెప్పారు. ఆమె విన్నంతసేపూ ఆయన్ని కాదు, మా వాళ్ళనే చూస్తున్నారు.

"నాది ఎవరు మోస్తున్నారు?" అని అడిగారు.

 చిన్నమ్మే, "మాలో ఎవరో ఒకళ్ళం లేమ్మా. ఇప్పుడెందుకదంతా" అంది.

కామాక్షి గారు తన మెడకున్న కంపెనీ పట్టీ విప్పి బల్ల మీద పెట్టారు. పాతది కట్టుకోసాగారు.

"కామాక్షీ" అన్నారు డాక్టరు గారు. "ఈ పని చేశావని తెలిస్తే కంపెనీ నీ లైను తీసేస్తుంది. నీ జబ్బు నీకు తిరిగొస్తుంది. మళ్ళీ ఆ మంచమే. ఆలోచించు."

"ఆలోచించడానికేముందండీ. ఈ గదిలో తేలికగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే." చిన్నమ్మ పక్కన నేల మీద కూర్చుని, "కలుపు కెజియా" అన్నారు.

కలిపాను. ముల్లు ఒక్కసారిగా దిగింది. ఆమె వెన్ను నిటారుగా ఉంది, డ్రిల్లు టీచరు వెన్ను. అది మెల్లగా వంగడం నేను చూశాను. చూస్తుండగానే ఆమె వయసు మొహం మీదికి వచ్చేసింది. ఆమె మాత్రం దీనమ్మక్క మీది నుంచి చూపు తిప్పలేదు.

దీనమ్మక్క దగ్గింది. కళ్ళు తెరిచింది. చుట్టూ గుండ్రంగా గోడలకి చేరగిలబడి ఉన్న మమ్మల్నందర్నీ చూసింది. "ఏందమ్మా, మీ అందరికీ ఏం రోగమొచ్చింది?" అంది. నవ్వడానికి ఓపిక లేక ముఠా అంతా కన్నీళ్ళు పెట్టుకున్నారు.

కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. కామాక్షి గారు లేవలేకపోయారు. "మీరు వెళ్ళండమ్మా. నాకిది అలవాటే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు ఒక్క క్షణం కిటికీలోంచి మైదానం వైపు వెళ్ళింది.

చిన్నమ్మ కదల్లేదు. "అలవాటేందమ్మా? మా ముఠాలో మంచాన పడ్డోళ్ళకీ వాటా ఉంటది."

"నేను మీ ముఠా కాదు కదా. ఒక్క మిరపకాయ తొడిమ కూడా తీయలేదు."

"ఇందాక మాతో నేల మీద కూకోలా?" అంది చిన్నమ్మ.

ఆ తరవాత సంగతి చెప్పాలంటే, కంపెనీ గుంటూరు సెంటరు మూసేసి వేరే ఊరు వెళ్ళింది. మమ్మల్ని చూసి బుద్ధి తెచ్చుకుందని చెప్పలేను. ఆ గోరంత బిళ్ళ ఇంకా పనిచేస్తూనే ఉంది. చలపతి గారి బేరం కుదిరింది. ముఠాలో కొందరు పత్తి మిల్లులో చేరారు, కొందరు కట్టుబడి పనులకి వెళ్తున్నారు. కానీ రోజూ సాయంత్రం, ఆ రోజు కుదిరినవాళ్ళు కుదిరినట్టు మేడ ఎక్కి వస్తారు. పాత పట్టీలు కట్టుకుని కామాక్షి గారి చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. అంతమందిలో పంచితే ఆమె జబ్బు ఒక్కొక్కరికి మేడ మెట్లు మళ్ళీ ఒకసారి ఎక్కినంత అలసట. అంతే. ఎవరూ ఎవరికీ డబ్బులివ్వరు. కామాక్షి గారు లేచి తిరుగుతున్నారు. వారానికోసారైనా మైదానానికి వెళ్తున్నారు.

మొన్న ఒక సాయంత్రం చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. ఎక్కడో అపార్ట్‌మెంటు కడుతుంటే ఇటుకలు మోసి, అట్నుంచి అటే వచ్చింది. చెప్పులు విడుస్తూ గోడ పట్టుకుంది. అలవాటు ప్రకారం పట్టీ కట్టుకుని కూర్చుంది. నేను స్విచ్చు నొక్కాను. పెట్టె మీద కామాక్షి గారి అలసట చూపించే ముల్లు ఎప్పటిలా దిగకుండా పైకి లేచింది. అలసట చిన్నమ్మ నుంచి కామాక్షి గారి వైపు పోతోంది. మందు లేని జబ్బుతో ఉన్న మనిషికన్నా, ఒక రోజు కూలి చేసి వచ్చిన మా చిన్నమ్మ ఎక్కువ అలిసిపోయి ఉందన్నమాట.

చిన్నమ్మకి నా మొహం చూసి అర్థమైంది. గబుక్కున పట్టీ విప్పబోయింది. కామాక్షి గారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా, మైదానంలో పిల్లని ఆపినట్టు.

"కూర్చో సువార్తా" అన్నారు. "ఇవాళ నీకన్నా నేనే తేలికగా ఉన్నాను."

మా చిన్నమ్మ జీవితంలో ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకున్న మనిషి కాదు. పట్టీ మీది నుంచి చెయ్యి తీసేసింది. ఆమె కళ్ళు మెల్లగా వాలిపోయాయి. ఇంకా ఎండ పూర్తిగా పోకముందే, ఆ డ్రిల్లు టీచరు భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.